వేటకు వెళ్ళినవారిని వదిలేయకుండా: విశాఖ మత్స్యకార పేటల్లో రక్తపోటు అధ్యయనం చేసే నర్సులకు మార్గదర్శిని

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ మీద ఆధారపడి బతికే పేటల్లో అధిక రక్తపోటు ఎంతమందికి ఉందో తెలుసుకోవాలని ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులకు, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే స్టాఫ్ నర్సులకు తరచుగా అనిపిస్తుంది. ఆ ఆలోచన మంచిదే. అయితే మైదాన గ్రామాల కోసం తయారైన పద్ధతిని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుని, ఉదయం పది గంటలకు ఇంటింటికీ తిరిగి, తలుపు తీసినవారికల్లా బీపీ చూసి వస్తే చేతికి దొరికేది పేట లెక్క కాదు. ఆ వేళకు ఇంట్లో ఉన్న ముసలివారి లెక్క, బాలింతల లెక్క. గుండెపోటుకూ పక్షవాతానికీ ఎక్కువ దగ్గరగా ఉన్న నడివయసు మగవారు అప్పటికి సముద్రం మీద ఉంటారు, వారి ఇంటి ఆడవారు చేపల గంపతో బజారులో ఉంటారు. ఇంట్లో లేనివారిని లెక్కలోకి తీసుకోవడం ఎలా, లెక్కలోకి వచ్చినవారిని వైద్యం దాకా చేర్చడం ఎలా అనే రెండు పనుల చుట్టూనే ఈ మార్గదర్శిని సాగుతుంది.

ముందు ప్రశ్నను ఇరుకు చేసుకోండి

"పోర్టు ప్రాంత ప్రజల ఆరోగ్యం" అనేది ఒక్క అధ్యయనానికి సరిపోయే ప్రశ్న కాదు. 1933లో ప్రారంభమైన విశాఖ పోర్టు చుట్టూ ఇప్పుడు నివసిస్తున్నవారిలో పర్మినెంటు ఉద్యోగులున్నారు, కాంట్రాక్టు మీద సరుకు ఎత్తి దించే కూలీలున్నారు, లారీ డ్రైవర్లూ క్లీనర్లూ ఉన్నారు, బొగ్గు ధూళితో సతమతమయ్యే పాతబస్తీ కుటుంబాలున్నాయి, వేట మీద బతికే జాలారి, వాడబలిజ కుటుంబాలున్నాయి. వీరి పనివేళలు వేరు, తిండి వేరు, జబ్బు చేస్తే వెళ్ళే ఆసుపత్రి కూడా వేరు. అందరినీ ఒకే పట్టికలో కలిపేస్తే వచ్చే సగటు ఎవరికీ వర్తించదు.

కాబట్టి ఒక్క వర్గాన్ని ఎంచుకోండి. ఈ మార్గదర్శినికి ఉదాహరణగా మరపడవల మీదా, ఫైబర్ బోట్ల మీదా వేటకు వెళ్ళే 30 ఏళ్ళు దాటిన మగవారిని, చేపలు ఎండబెట్టి గానీ పచ్చివిగా గానీ అమ్మే అదే వయసు ఆడవారిని తీసుకుంటున్నాను. ముప్పై ఏళ్ళు అనడానికి కారణముంది. అసాంక్రమిక (అంటుకోని) వ్యాధుల జాతీయ కార్యక్రమం ఆ వయసు నుంచే పరీక్షలు చేస్తుంది కనుక మీ ఫలితాలను ఆరోగ్య కేంద్రం రికార్డులతో పోల్చి చూసుకోవచ్చు. ఇక ప్రశ్నను నాలుగు మెట్లుగా అడగండి: ఎంతమందికి అధిక రక్తపోటు ఉంది, ఉన్నవారిలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు, తెలిసినవారిలో ఎంతమంది మందు వాడుతున్నారు, వాడుతున్నవారిలో ఎంతమందికి అది అదుపులో ఉంది. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన అధ్యయనాలు మనకు చాలానే ఉన్నాయి. నర్సు చేసే పరిశోధనకు అసలు విలువ మిగిలిన మూడింటిలో ఉందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మనిషి ఏ మెట్టు దగ్గర జారిపోతున్నాడో తెలిస్తేనే నర్సు ఏ పని చేయాలో తేలుతుంది.

పేట పనివేళలకు మీ పనివేళలను కలపండి

అధ్యయనం మొదలుపెట్టకముందే ఒక నెల రోజులు పేట దినచర్యను రాసుకోవడానికి కేటాయించండి. మరపడవలు ఒకసారి బయలుదేరితే రోజుల తరబడి, ఒక్కోసారి రెండు వారాలకు పైగా సముద్రం మీదే ఉంటాయి. ఫైబర్ బోట్లు తెల్లవారుజామున వెళ్ళి చాలావరకు అదే రోజు తిరిగి వస్తాయి. హార్బర్‌లో వేలంపాట తెల్లవారేసరికే ఊపందుకుంటుంది కనుక చేపలు కొని అమ్మే ఆడవారు చీకటితోనే జెట్టీకి చేరి, అక్కడినుంచి బజార్లకూ వీధులకూ వెళ్ళి, మధ్యాహ్నం దాటాక గానీ ఇల్లు చేరరు. పెద జాలారిపేటలోనైనా, జోడుగుళ్ళపాలెంలోనైనా, మంగమారిపేటలోనైనా ఏ వేళకు ఎవరు దొరుకుతారో చెప్పగలిగేది అక్కడి ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, టీ దుకాణం నడిపే మనిషి. వారిని అడిగి ప్రతి పేటకూ విడిగా ఒక కాలపట్టిక తయారు చేసుకోండి.

ఏడాది లెక్క కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్ల వేటను నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ బోట్లు జెట్టీకి కట్టి ఉంటాయి, మనుషులు ఒడ్డున ఉంటారు, వలలు బాగుచేసుకుంటూ దొరుకుతారు. అందుకే చాలామంది పరిశోధకులు ఆ కాలాన్నే ఎంచుకుంటారు. మగవారిని కలుసుకోవడానికి అంతకంటే అనువైన సమయం లేదన్నది నిజమే. కానీ ఆ సౌకర్యానికి మూల్యం ఉంది. ఎండాకాలంలో రక్తపోటు చలికాలంలో కంటే కొంత తక్కువగా నమోదవుతుందని వైద్యశాస్త్రం చెబుతోంది. దానికి తోడు నిషేధ కాలంలో ఆదాయం తగ్గుతుంది, అప్పు పెరుగుతుంది, నిద్రవేళలు మారతాయి, కొందరిలో తాగుడు పెరుగుతుంది, బోటు మీది తిండికి బదులు ఇంటి తిండి తింటారు. మీరు కొలిచేది వేటకు వెళ్ళే మనిషి రక్తపోటు కాదు, వేట ఆగిన మనిషి రక్తపోటు.

దీనికి నేను సూచించే మార్గం ఇది. పెద్ద సర్వేను నిషేధ కాలంలోనే చేయండి. అందులో పాల్గొన్నవారిలో ప్రతి ఐదో వ్యక్తిని చీటీ ద్వారా ఎంచుకుని, నవంబరు నుంచి జనవరి మధ్యలో, వారు వేట నుంచి తిరిగివచ్చిన రెండో రోజో మూడో రోజో మళ్ళీ కొలవండి. రెండు కొలతలకూ మధ్య తేడా ఎంతుందో చెప్పగలిగితే మీ అధ్యయనం తీరంలో జరిగిన చాలా సర్వేల కంటే ఒక అడుగు ముందుంటుంది. రెండో విడతకు సమయం గానీ, డబ్బు గానీ లేకపోతే, కనీసం ఏ నెలల్లో కొలిచారో శీర్షికలోనే రాయండి.

శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి మనుషులు విశాఖకూ, అక్కడినుంచి గుజరాత్‌లోని వెరావల్‌కూ వేట పనికి వలస వెళ్తారన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఇంటి జాబితాలో పేరు ఉండి మనిషి నెలల తరబడి కనిపించకపోతే "తలుపు తాళం" అని రాసి వదిలేయకండి. ఎక్కడికి వెళ్ళారు, ఎప్పుడు వస్తారు, ఏ పని మీద వెళ్ళారు అనే మూడు విషయాలను ఇంట్లోవారిని అడిగి విడి రిజిస్టరులో రాయండి. దొరకనివారు ఎలాంటివారో ఆ రిజిస్టరే చెబుతుంది. చివర్లో మీ ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చేది కూడా అదే.

ఎంతమంది, ఎక్కడినుంచి

అధిక రక్తపోటు సుమారు 30 శాతం మందిలో ఉండవచ్చని అనుకుని, ఫలితం అటూ ఇటూ 5 శాతానికి మించి తప్పకూడదనుకుంటే, 95 శాతం నమ్మకానికి మామూలు సూత్రం ప్రకారం 323 మంది కావాలి. పేటలను గుంపులుగా తీసుకుంటారు కనుక, ఒకే పేటలోని మనుషులు ఒకరినొకరు పోలి ఉంటారు కనుక, ఆ సంఖ్యను ఒకటిన్నర రెట్లు చేయాలి, 485 అవుతుంది. పదిమందిలో ఒకరు ఒప్పుకోరని లెక్కవేస్తే 539 మందిని అడగాల్సి ఉంటుంది. మగవారికీ ఆడవారికీ విడివిడిగా శాతాలు చెప్పాలనుకుంటే ఈ లెక్కను రెండుసార్లు చేయాలి, అంటే పని రెట్టింపు అవుతుంది. ఒక్క విద్యార్థి ఆరు నెలల్లో అంత పని చేయలేనప్పుడు ఒక్క వర్గానికే పరిమితం కావడం మంచిది. చిన్న ప్రశ్నకు గట్టి జవాబు రావడం మేలు.

ఒడ్డున ఇళ్ళున్న కుటుంబాలను ఓటరు జాబితా నుంచో, వార్డు సచివాలయం దగ్గరున్న కుటుంబాల జాబితా నుంచో ఎంచుకోవచ్చు. కానీ బోటు మీదే వంట, బోటు మీదే పడక అయిన కలాసీలు, అంటే బోటు మీద కూలికి పనిచేసేవారు, ఏ ఇంటి జాబితాలోనూ ఉండరు. వారికోసం స్థలాన్నీ వేళనూ నమూనాగా తీసుకోవాలి. జెట్టీని కొన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో ఏ రోజు ఏ రెండు గంటలు కూర్చోవాలో చీటీ వేసి నిర్ణయించుకోండి; ఆ సమయంలో అక్కడ కట్టి ఉన్న ప్రతి మూడో బోటునూ ఎంచుకుని, అందులోని అర్హులందరినీ అడగండి. తెలిసిన సరంగు (బోటు నడిపే పెద్ద) చూపించిన బోట్లనే తీసుకుంటే పని త్వరగా అయిపోతుంది గానీ, ఆ సరంగుతో పొసగనివారి సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

అనుమతులు, సమ్మతి

కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క కొలత కూడా తీయకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలను చదివి, ఆర్థికంగా బలహీన వర్గాల రక్షణ గురించి అందులో ఉన్న భాగాన్ని మీ ప్రతిపాదనలో ఎలా అమలు చేస్తారో స్పష్టంగా రాయండి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, మత్స్యశాఖ జిల్లా కార్యాలయం, హార్బర్ లోపల కూర్చోవడానికి పోర్టు అధికారులు, బోటు యజమానుల సంఘం, చివరిగా పేట పెద్దలు, వీరందరి అనుమతికీ కనీసం రెండు నెలలు పడుతుందని ముందే లెక్కలో వేసుకోండి. పెద్దల దగ్గరికి ఉత్తరం పట్టుకుని ఒక్కసారి వెళ్ళి వస్తే సరిపోదు. తుపాను వచ్చిన ప్రతిసారీ, 2023 నవంబరులో హార్బర్‌లో బోట్లు కాలిపోయినప్పుడూ ఎవరెవరో వచ్చి పేర్లు రాసుకుని వెళ్ళడాన్ని వారు చూశారు. మీరు రాసుకునేది దేనికో, దానివల్ల తమకు ఏం జరుగుతుందో నిదానంగా అడిగి తెలుసుకునే హక్కు వారికుంది.

ఇక్కడ ఒక విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. పెద్దలు ఒప్పుకున్నా, బోటు యజమాని ఒప్పుకున్నా అది కలాసీ సమ్మతి కాదు. చాలామంది కలాసీలు యజమాని దగ్గర ముందుగా అడ్వాన్సు తీసుకుని ఉంటారు; యజమాని ఎదురుగా "బీపీ చూపించుకో" అంటే కాదనలేరు. అంతకంటే పెద్ద ప్రమాదం తరువాత వస్తుంది. బీపీ ఎక్కువగా ఉందన్న మాట యజమాని చెవిన పడితే, సముద్రం మధ్యలో పడిపోతాడేమోనన్న భయంతో ఆ మనిషిని వచ్చే ట్రిప్పుకు తీసుకోకపోవచ్చు. మీ కొలత అతని కూలిని పోగొడుతుందన్నమాట. అందువల్ల సమ్మతి అడగడం, కొలవడం, ఫలితం చెప్పడం మూడూ యజమానికీ సరంగుకూ వినబడని చోట జరగాలి. జెట్టీ మీద నాలుగు గుడ్డ తెరలు కట్టుకుని, రెండు కుర్చీలు వేసుకుంటే చాలు. ఫారం మీద పేరు ఉండకూడదు, సంఖ్య మాత్రమే ఉండాలి. పేరునూ సంఖ్యనూ కలిపే జాబితా విడిగా, తాళం వేసిన బీరువాలో ఉండాలి.

సమ్మతి పత్రాన్ని పుస్తక భాషలో రాసి చదివి వినిపిస్తే ఎవరికీ అర్థం కాదు. పేటలో మాట్లాడే తెలుగులో రాయించి, చదువురాని ఇద్దరు ముగ్గురికి వినిపించి, వారు తిరిగి తమ మాటల్లో చెప్పగలిగారా లేదా చూడండి. వేలిముద్ర వేసేవారి పక్కన మీ బృందానికి చెందని సాక్షి ఒకరు ఉండాలి. బోట్ల మీద ఒడియా మాట్లాడేవారు కూడా ఉంటారు కనుక వారికి వేరే పత్రం, ఆ భాష వచ్చిన మనిషి అవసరం.

ప్రశ్నావళిలో ఈ తీరానికి తగిన గడులు పెట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన దశలవారీ సర్వే ప్రశ్నావళిని ఆధారంగా తీసుకోవడం మంచిదే, ఇతర ప్రాంతాలతో పోలిక కుదురుతుంది. అయితే దాన్ని తెలుగులోకి మార్చి, ఆ తెలుగును చూసి మూలం ఎరగని మరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, తేడాలు సరిదిద్దుకున్న తరువాత కూడా కొన్ని ప్రశ్నలను ఈ తీరం కోసం కొత్తగా చేర్చాలి.

మొదటిది ఉప్పు. రోజుకు ఒక మనిషి 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఇంట్లో నెలకు ఎంత ఉప్పు ఖర్చవుతుందో అడిగి, తినేవారి సంఖ్యతో భాగించడం సర్వేల్లో వాడే సులువైన పద్ధతి. అయిదుగురున్న ఇంట్లో నెలకు రెండు కిలోలు అయిపోతే ఒక్కొక్కరికి రోజుకు 13 గ్రాములకు పైగా అన్నమాట. కానీ ఈ పేటల్లో ఉప్పు కూరలోకే కాదు, చేపలు ఎండబెట్టడానికి కూడా వాడతారు. ఆ రెండింటినీ విడదీసి అడగకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. మరోవైపు ఎండుచేప ద్వారా కడుపులోకి వెళ్ళే ఉప్పు ఈ భాగహారంలో కనిపించదు కనుక, వారంలో ఎన్ని పూటలు ఎండుచేప తిన్నారో, వండేముందు ఎన్ని నీళ్ళలో కడుగుతారో వేరే ప్రశ్నగా రావాలి. మగవారు నెలలో సగం రోజులు బోటు మీద వండిన కూర తింటారు; ఆ వంటవాణ్ణి కూడా అడగాలి.

రెండోది పొగాకు. "చుట్ట కాలుస్తారా" అని మాత్రమే అడిగితే ఉత్తరాంధ్ర తీరంలో ముఖ్యమైన సంగతి ఒకటి జారిపోతుంది. నిప్పున్న కొనను నోటి లోపల పెట్టుకుని పొగ పీల్చే అడ్డపొగ అలవాటు ఇక్కడ, ముఖ్యంగా వయసు మళ్ళిన ఆడవారిలో ఉంది. దీనికీ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని వైద్యులు దశాబ్దాల కిందటే గుర్తించి రాశారు; 1971లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామీణుల అంగిళ్ళను పరిశీలించింది. బయటినుంచి వచ్చిన ప్రశ్నావళిలో ఈ గడి ఉండదు, మీరే చేర్చాలి. అడిగేటప్పుడు మీ ముఖంలో ఆశ్చర్యం గానీ ఏవగింపు గానీ కనబడకూడదు. అవుననే వారి నోటిని టార్చి వెలుతురులో చూసి, అంగిలి మీద తెల్లటి మచ్చ గానీ పుండు గానీ ఉంటే దంత వైద్యుని దగ్గరికి పంపండి. రక్తపోటు అధ్యయనంలో ఇది ఎందుకని గైడు అడగవచ్చు. నోరు తెరిచి చూసే అవకాశం ఉన్న నర్సు చూడకుండా రాకూడదన్నది నా సమాధానం.

మూడోది కాలం. "బీపీ ఉందని ఎప్పుడు తెలిసింది" అంటే "చాన్నాళ్ళయింది" అంటారు. సంవత్సరం అడగకుండా, అందరికీ గుర్తున్న సంఘటనల వరుస ఒకటి ముందే తయారు చేసుకోండి: 2004 డిసెంబరు సునామీ, 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపాను, 2020 లాక్‌డౌన్, 2023 హార్బర్ అగ్నిప్రమాదం. "హుద్‌హుద్‌కు ముందా, తరువాతా" అని అడిగితే మనిషి ఆలోచించి చెబుతాడు.

మందుల విషయంలో "క్రమం తప్పకుండా వాడుతున్నారా" అన్న ప్రశ్నకు దాదాపు అందరూ అవుననే అంటారు. దానికి బదులు, కిందటి ట్రిప్పుకు వెళ్ళేటప్పుడు బిళ్ళలు వెంట తీసుకెళ్ళారా, ఎన్ని తీసుకెళ్ళారు, తడిసిపోయాయా, అయిపోయాక ఏం చేశారు అని అడగండి. ఒడ్డున రోజూ వేసుకుని సముద్రం మీద మానేసేవారిని, అసలే వేసుకోనివారిని ఒకే గడిలో పెట్టకూడదు. మొదటివారికి కావలసింది నీరు చొరని డబ్బా, ట్రిప్పుకు సరిపడా బిళ్ళలు. రెండోవారికి కావలసింది వేరు.

తాగుడు గురించి అడిగే ప్రశ్నలు చివర్లో రావాలి. ఆడవారిని ఆడవారే అడగాలి.

కొలవడం

ఈ భాగాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, రోజూ చేసే పనే కదా అని. నిజానికి అధ్యయనం నిలబడేదీ కూలేదీ ఇక్కడే. చేతి పైభాగానికి కట్టే, ప్రమాణ పరీక్షల్లో నెగ్గిన డిజిటల్ పరికరాన్ని వాడండి. మణికట్టు పరికరాలు వద్దు. వల లాగే చేతులు బలంగా ఉంటాయి కనుక మామూలు పట్టీ కొందరికి సరిపోదు, చిన్న పట్టీతో కొలిస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. చేతి చుట్టుకొలతను టేపుతో కొలిచి, దానికి తగిన పట్టీ ఎంచుకోవడానికి మూడు సైజులు దగ్గరుంచుకోండి.

కొలవడానికి అరగంట ముందు నుంచి టీ, చుట్ట, బీడీ ఉండకూడదు. మూత్రం వచ్చేలా ఉంటే వెళ్ళి రమ్మనాలి. వీపుకు ఆనుడు ఉండేలా కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆన్చి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉంచాలి. బోటు తట్టు మీద కూర్చున్న మనిషికి నిలబడి బీపీ చూడటం, చేపల పెట్టె మోసి వచ్చిన వెంటనే చూడటం కుదరదు. వేలం జరుగుతున్న వేళ జెట్టీ మీద అయిదు నిమిషాల నిశ్శబ్దం దొరకదు కనుక, అడగడం అక్కడ చేసినా కొలవడం వేలం ముగిశాక పెట్టుకోండి. ఒక్కో నిమిషం వ్యవధితో మూడు కొలతలు తీసి, మూడింటినీ రాసి, చివరి రెండింటి సగటు తీసుకోవాలి. రాత్రంతా వేటలో మేల్కొని వచ్చినవారైతే ఆ సంగతి ఫారంలో రాయండి, వీలైతే మర్నాటికి వాయిదా వేయండి.

ప్రతి వారం ఒకసారి ఫారాలు ముందేసుకుని ప్రతి కొలతలోనూ చివరి అంకెను చూడండి. డిజిటల్ పరికరం అయితే సున్నాతో ముగిసేవి పదింట ఒకటి చొప్పున ఉండాలి. ఒకరి ఫారాల్లో సగం సున్నాలే కనిపిస్తే, వారు పరికరం చూపిన అంకెను సవరించి రాస్తున్నారని అర్థం. మందలించకుండా పక్కన కూర్చుని మళ్ళీ నేర్పండి.

ఎక్కువగా ఉన్నట్టు తేలినప్పుడు

ఒక రోజు తీసిన కొలతతో ఎవరికీ జబ్బు ఉందని చెప్పకూడదు. సగటు 140/90 గానీ అంతకు మించి గానీ ఉంటే వేరొక రోజు మళ్ళీ కొలిచి, అప్పుడూ అలాగే ఉంటే పట్టణ ఆరోగ్య కేంద్రం వైద్యునికి చూపించాలి. 180/110 దాటితే అదే రోజు వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాలి. దానితోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, చేయి కాలు పట్టు తప్పడం, చూపు మసకబారడం వంటివి ఏవైనా ఉంటే 108కి ఫోను చేసి కేజీహెచ్‌కు (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) పంపించాలి. ఫారం నింపడం ఆ తరువాతి సంగతి. ఈ ఏర్పాటంతా అధ్యయనం మొదలుకాకముందే ఆరోగ్య కేంద్రం వైద్యునితో మాట్లాడి, కాగితం మీద రాసి, ఎథిక్స్ కమిటీకి చూపించి ఉండాలి. పంపించే చోటు సిద్ధంగా లేకుండా కొలవడం మొదలుపెట్టకూడదని నేను విద్యార్థులకు ప్రతి ఏటా చెబుతాను.

వైద్యునికి రాసే చీటీలో "వేటకు వెళ్తారు, ఒక్కో ట్రిప్పు ఇన్ని రోజులు" అన్న వాక్యం తప్పనిసరిగా ఉండాలి. ఎండలో, తాగునీరు కొలిచి వాడుకునే బోటు మీద పనిచేసే మనిషికి మూత్రం ఎక్కువయ్యే మందు ఇవ్వాలా, వేరేది ఇవ్వాలా అన్నది వైద్యుడు నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం నర్సు దగ్గరే ఉంటుంది. ఎన్ని రోజుల మందు ఒకేసారి ఇవ్వాలన్నదీ ట్రిప్పును బట్టే తేలాలి.

ప్రతి ఒక్కరికీ వారి కొలత రాసిన చిన్న కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇవ్వండి. బీపీ మామూలుగా ఉన్నవారికి కూడా ఇవ్వాలి; ఎక్కువ ఉన్నవారికే కార్డు ఇస్తే, కార్డు చేతిలో ఉన్నవాడు రోగి అని జెట్టీ అంతా తెలిసిపోతుంది.

లెక్కలు, తిరిగి చెప్పడం

విశ్లేషణలో మగవారినీ ఆడవారినీ, మరపడవలవారినీ ఫైబర్ బోట్లవారినీ విడివిడిగా చూపించండి. ప్రతి శాతం పక్కన నమ్మక అవధి (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్) ఉండాలి. గుంపు నమూనా కనుక ఆ లెక్కను పరిగణించే పద్ధతి వాడాలి, గణాంక నిపుణుణ్ణి చివర్లో కాకుండా మొదట్లోనే కలవండి. దొరకనివారి రిజిస్టరును ఒక పట్టికగా వేసి, దొరికినవారికీ దొరకనివారికీ వయసులో, పనిలో తేడా ఎంతుందో రాయండి. పేట పేరు పెట్టి "ఈ పేటలో ఇంత శాతం తాగుబోతులు" అన్నట్టు పత్రికకెక్కే వాక్యం మీ నివేదికలో ఎక్కడా ఉండకూడదు. సంబంధాలు కుదుర్చుకునేటప్పుడు, అప్పు అడిగేటప్పుడు ఆ వాక్యం ఆ పేటవారిని వెంటాడుతుంది.

థీసిస్ విశ్వవిద్యాలయానికి ఇవ్వకముందే ఫలితాలను పేటలో చెప్పండి. మగవారికి వేట లేని రోజున సామాజిక భవనంలోనో రామాలయం దగ్గరో, ఆడవారికి మధ్యాహ్నం దాటాక వేరుగా. శాతాలు చెప్పకండి; "మీలో పదిమందిని నిలబెడితే ఇంతమందికి ఉంది, వారిలో ఇంతమందికి తెలియదు" అని చెప్పండి. వారు అడిగే ప్రశ్నలను రాసుకోండి, వాటిలో కొన్ని మీ చర్చ అధ్యాయంలో ఉండదగినవి అవుతాయి. ఎండుచేపలో ఉప్పు తగ్గిస్తే సరుకు పాడవుతుందని ఆడవారు అంటే, అది వ్యాపారం గురించిన నిజమైన మాట. తినడానికి ఇంట్లో ఉంచుకునే చేపను ఎక్కువసార్లు కడగడం గురించి మాట్లాడండి గానీ, అమ్మే చేప గురించి ఉపన్యాసం ఇవ్వకండి.

ఆ తరువాత సమ్మతి ఇచ్చినవారి జాబితాను, ఇచ్చినవారిది మాత్రమే, ఏఎన్ఎంకు అప్పగించండి. ఎవరెవరిని వైద్యుని దగ్గరికి పంపారో, వారిలో ఎవరు వెళ్ళారో మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి ఆమెతో కలిసి కూర్చుని సరిచూడండి. వెళ్ళనివారి ఇంటికి ఆశా కార్యకర్తతో కలిసి వెళ్ళి, ఎందుకు వెళ్ళలేదో అడగండి. ఆరోగ్య కేంద్రం తెరిచి ఉండే వేళల్లో తాను సముద్రం మీద ఉంటున్నానని ఎక్కువమంది చెబితే, నిషేధం లేని నెలల్లో వారానికి ఒక సాయంత్రం హార్బర్ దగ్గర బీపీ క్లినిక్కు పెట్టమని మీ లెక్కలు జతచేసి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి ఉత్తరం రాయండి.